తామాడవారి ఎలుకలు

తామాడ కూర్మారావు నిజం చెప్పగా విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అరవై ఏళ్ళు వచ్చినా, ఆయన నోటి గడపలోకి నిజం చుట్టపు చూపుగానైనా వచ్చి ఎరగదు. తొంభై తొమ్మిది తుఫానులో తమ పెరటి కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా లేచి, మందస మీదుగా ఎగిరి, బారువ ఒడ్డున నిలువుగా దిగి పాతుకుపోయిందని చెప్పేవాడు. మరుసటేడు కాయలు దింపుకుందామని తాను బస్సెక్కి వెళితే, అక్కడివాళ్ళు 'చెట్టు నీదే గానీ నీడ మాది' అని తగువుకి వచ్చారట. వినేవాడు నవ్వాడా, అయిపోయాడే.

"నవ్వకు బావా. ఆ సెట్టు నన్ను సూసి ఆనవాలు కట్టింది. ఒక కాయ నా కాళ్ళకాడ రాల్సింది," అని ఇంకో రెండు మూరలు పొడిగించేవాడు.

సుమ్మాదేవి స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో వాళ్ళ ఊరు. కొబ్బరి, జీడి, మధ్యలో పనస. ఉద్దానంలో అందరికీ ఉన్నదే వాళ్ళకీ ఉంది. అందరికీ ఉన్న జబ్బు కూడా ఉంది. తమ్ముడు నారాయణరావుకి యాభై రెండేళ్ళకే మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్ళి, నెత్తురు మిషనులో కడిగించుకుని రావాలి. కూర్మారావు భార్య పోయి ఆరేళ్ళయింది, కూతుళ్ళు అత్తవారిళ్ళలో ఉన్నారు, ఆయన కంచం తమ్ముడింట్లోనే. అందుకని తోడు వెళ్ళే పని ఆయనదే. డయాలసిస్ మనిషి నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఎండాకాలం రైల్లో తమ్ముడి నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఆ దాహం మీదికి మనసు పోకుండా కూర్మారావు పలాసలో మొదలుపెట్టిన అబద్ధాన్ని విశాఖపట్నం దాకా తెంపకుండా లాగేవాడు. పెట్టెలో ఉన్నవాళ్ళు తాము దిగవలసిన స్టేషన్లు మర్చిపోయేవారు. ఈ మాట అబద్ధం కాదు, నారాయణరావే చెప్పేవాడు.

రెండు వేల ఏడులో, జీడిపిక్కల కాలంలో, ఒక పొద్దున్న ఆ ఇంటికి భార్గవి వచ్చింది. టెక్కలి పిల్ల, హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. ముప్ఫై దాటి ఉంటాయి. ఆటో దిగుతూనే తెల్ల థర్మాకోలు పెట్టె ఒకటి అరుగు మీద పెట్టింది.

"ఐసుపుల్లలేటమ్మా?" అన్నాడు కూర్మారావు.

"నెత్తురు తీసి దాయడానికి మావయ్యా."

"ఓలమ్మ! మరైతే ఇక్కడికెందుకొచ్చినావు? ఈ ఉద్దానంలో దాట్టర్లు, పరీచ్చలోళ్ళు, పేపరోళ్ళు తలో గళాసుడూ తీసుకుపోగా మాకు మిగిలింది కొబ్బరినీళ్ళే."

భార్గవి నవ్వింది. నవ్విందే గాని వదల్లేదు. అరుగు మీద చాప వేయించుకుని కూర్చుని, వచ్చిన పని చెప్పింది. ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఎవరికీ తెలియదు, తనకీ తెలియదు. నీళ్ళంటారు, ఎండంటారు, పురుగుమందులంటారు. కొన్ని ఇళ్ళలో మాత్రం వరసగా నలుగురైదుగురికి వస్తోంది. ఆ ఇళ్ళవాళ్ళ నెత్తురులో పుట్టుకతోనే వచ్చిన తేడా ఏదైనా ఉందేమో చూడాలి. జబ్బున్నవాళ్ళలో ఉండి, అదే ఇంట్లో బాగున్నవాళ్ళలో లేని తేడా దొరికితే, దాన్ని ఎలుకలో పెట్టి చూస్తారు.

"ఎలకలోన?" నారాయణరావు నులకమంచం మీద నుంచి తల ఎత్తాడు. "ఎలాగెడతారమ్మా? సూదిమందా?"

"సూదిమందు కాదు మావయ్యా. ఎలుక ఇంకా పిండంగా ఉన్నప్పుడే, దాని లోపల రాసి ఉన్న రాతలో ఒక్క అక్షరం మార్చి మీ ఇంటి అక్షరం పెడతాం. అది పుట్టాక దాని పిల్లలకీ, ఆ పిల్లల పిల్లలకీ అదే రాత వస్తుంది. అప్పుడు కొన్నింటికి మీ ఊరి నీళ్ళిస్తాం, కొన్నింటిని వేడిలో ఉంచుతాం. ఏ ఎలుక కిడ్నీ పాడైందో చూస్తే, దోషం రాతదో నీళ్ళదో, రెండూ కలిస్తేనే వస్తోందో తెలుస్తుంది. మనుషుల మీద అలా చేసి చూడలేం కదా."

"ఇంకేటి తమ్ముడా," అన్నాడు కూర్మారావు, "ఐద్రాబాదులో మనకి దాయాదులు పుడతన్నారు. తామాడోరి ఎలకలు! రేసన్ కార్డులో ఎక్కించాలి. రేపు అయ్యన్నీ వచ్చి జీడితోటలో వాటా అడిగితే ఏటి సేత్తావు?"

లోపల నుంచి నారాయణరావు భార్య బొడ్డమ్మ అందుకుంది. "ఎలకలకి వాటా ఎప్పుడో ఇచ్చినాం గదా బావా, గాదె కింద ఉన్నదంతా ఆలదే!"

భార్గవి కాగితం మీద ఆ ఇంటి వంశం గీయడం మొదలుపెట్టింది. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్న. జబ్బున్న చదరానికి నలుపు పూసింది. ముప్ఫై ఏళ్ళ కిందట కాళ్ళూ మొహం పొంగి చనిపోయిన తండ్రి నలుపు. చిన్నాన్న నలుపు, ఆయన కొడుకు నలుపు, నారాయణరావు నలుపు. అన్నదమ్ములకి అక్క, పెద్దతల్లి అనే అరవై ఎనిమిదేళ్ళ మనిషి, భర్త పోయాక పుట్టింటి వీధిలోనే ఉంటోంది. ఆమె తెల్లసున్న. కూర్మారావు తెల్లచదరం.

"మావయ్యా, మీరే నాకు తక్కెట్లో ముల్లు," అంది భార్గవి. "అరవై ఏళ్ళు, అదే ఇల్లు, అదే బావి, అయినా మీకేం లేదు. తమ్ముడిగారి రాతలో ఉండి మీ రాతలో లేనిదేదో అదే మొదట ఎలుకలో పెడతాను. మీ ముగ్గురూ ఒకే తల్లికీ తండ్రికీ పుట్టినవాళ్ళే కదా?"

బొడ్డమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. "అదేటమ్మా ఆ అడుగుడు! టెక్కలోళ్ళు ఇలాగడుగుతారేటి?"

గడప పక్కన కూర్చుని జీడిపిక్కలు ఏరుతున్న పెద్దతల్లి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "మా అయ్యకి ముగ్గురం," అంది తలెత్తకుండా. మళ్ళీ ఏరుకుంది.

ఎప్పుడూ నోటికి తాళం లేని కూర్మారావు ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. అది ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున్న పరగడుపున అందరూ నెత్తురు ఇవ్వాలని చెప్పి, భార్గవి లేచింది. ఆమె బస కాశీబుగ్గలో. ఆటో ఆగే మలుపు దాకా కూర్మారావు పెట్టె మోసుకుంటూ వెంట వెళ్ళాడు.

"అయితే తల్లీ, ఆ ఎలక ఎవరి కడుపున పుడతాదమ్మా?"

"అదే తమాషా మావయ్యా. అక్షరం మార్చేది ఒక నల్ల ఎలుక జాతి కణాల్లో. వాటిని కలిపేది ఇంకో ఎలుక పిండంలో. ఆ పిండాన్ని మోసి కనేది మూడో ఎలుక, తెల్లది. తెల్లతల్లికి నల్లమచ్చల పిల్లలు పుడతాయి. ఆ మచ్చల పిల్లలకి పుట్టినవాటిలో మన రాత వచ్చినవి ఏరుకోవాలి. ఒక్క రకం ఎలుక నిలబడ్డానికి ఏడాదిన్నర పడుతుంది."

"తెల్లతల్లికి తెల్దా, ఆ నల్లయ్యి తన పిల్లలు కావని?"

"తెలియదో, తెలిసినా లెక్కచెయ్యదో! పాలిచ్చి పెంచుతుంది. ఒక్కోసారి కన్నతల్లి పాలివ్వకపోతే, పిల్లల్ని వేరే తల్లి దగ్గర వేస్తాం. వేసేముందు ఆ తల్లి గూట్లో పొట్టు తీసి పిల్లల ఒంటికి రుద్దుతాం. తన గూటి వాసన ఉంటే చాలు, దగ్గరికి లాక్కుంటుంది."

కొబ్బరిమట్ట ఒకటి దారికి అడ్డంగా పడి ఉంటే కూర్మారావు పక్కకు లాగాడు.

"మరి మీ పుస్తకంలో ఏ తల్లి పేరు రాత్తారు?"

"ఇద్దరిదీ రాస్తాం. రాత ఎవరిదో, పాలెవరివో. అది తప్పు రాస్తే అంతే సంగతులు మావయ్యా. మా దగ్గర ఒకసారి ఒక గూటి పిల్లల్ని ఇంకో గూటివిగా రాసేశారు. రెండేళ్ళ పని పోయింది. ఎలుకకి జబ్బు రాకపోతే, మనం పెట్టిన అక్షరం తప్పో, పుస్తకంలో రాత తప్పో తెలియక తలలు పట్టుకున్నాం." ఆటో ఎక్కుతూ అంది: "ఈసారి అలా పోడానికి లేదు. రెండేళ్ళంటే మీ ఉద్దానంలో ఎంతమందో."

ఆటో వెళ్ళిపోయింది. కూర్మారావు టీ కొట్టుకు పోవలసిన మనిషి, పోలేదు. తామాడవారి ఎలుకల కథ అప్పటికే ఆయన నోట్లో ఊరుతోంది, ఊరంతా పంచవచ్చు. తిన్నగా పెద్దతల్లి ఇంటికి వెళ్ళాడు.

సంగతి ఏమిటంటే, కూర్మారావు తామాడవారి కడుపున పుట్టలేదు. పెద్దతల్లి తర్వాత ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో పిల్లలు కలగలేదు. ఆ రోజుల్లో తండ్రి బండి మీద కొబ్బరికాయలు బారువ రేవుకు తోలేవాడు. ఒక వానాకాలం కలరా వచ్చి, రేవులో బస్తాలు మోసుకునే ఆలూమగలిద్దరూ ఒక్క రోజున పోయారు. వాళ్ళ నెలల బిడ్డ తాటాకు పందిరి కింద ఏడుస్తూ ఉంటే, తండ్రి ఖాళీ బండిలో గడ్డి పరిచి తెచ్చుకున్నాడు. బంతి భోజనం పెట్టి కూర్మనాథుడి పేరు పెట్టాడు. ఆ పిల్లాడు వచ్చిన వేళావిశేషమన్నారు, ఎనిమిదేళ్ళకి నారాయణరావు పుట్టాడు. ఊళ్ళో పెంపకం అనే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఆచారం అంతే. ఇంటిపేరు ఇచ్చాక, కంచంలో వడ్డించాక, 'పెంపకపోడు' అనడం బూతుకంటే ఎక్కువ. తెలిసిన పెద్దలంతా ఒకరి తర్వాత ఒకరు పోయారు. తండ్రి పోయేముందు కూర్మారావుకి చెప్పాడు. పెద్దతల్లికి చిన్నప్పటి నుంచే తెలుసు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసని ఇద్దరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క మాటా అనుకోలేదు.

"అప్పా," అన్నాడు గుమ్మంలోంచే, "ఆ గుంటకి సెప్పేత్తాను."

పెద్దతల్లి చేతిలో చేట కింద పెట్టింది. "ఏటి సెప్తావు? నోరుముయ్యి. సావుబతుకుల్లో ఉన్నోడికి ఇప్పుడు నువ్వు ఆడి అన్నవి కావని సెప్తావా? ఆడు నీ సెయ్యట్టుకునే రైలెక్కుతన్నాడు."

"సెప్పకపోతే ఆ గుంట నా నెత్తురు సూసి ఎలకలో తప్పు రాత ఎడతాది."

"ఎడితే ఎట్టనీ. ఎలకలే గదా."

"ఎలకలు కావప్పా. ఆటి ఎనక హేమలత ఉంది."

హేమలత నారాయణరావు కూతురు, అదే రాత పంచుకున్న పిల్ల. పలాసలో డిగ్రీ చదువుతోంది. పెద్దతల్లి కాసేపు చేటలోకి చూసింది.

"రేపు పొద్దున్నే ఎటేనా ఎలిపో," అంది నెమ్మదిగా. "ఆడు ఊళ్ళో నేడని సెప్తాను. నీ నెత్తురు తియ్యకపోతే తప్పేటుంటాది?"

"నాను ఎలిపోయినా కాయితంలో నా సదరం ఉండిపోతాది. తెల్లగా. అన్న బాగున్నాడు, తమ్ముడు బాగోనేదు అని దాన్నట్టుకునే లెక్కలు కడతాది."

"అయితే నీ ఇట్టం. నన్ను మాత్రం సాచ్చీకానికి పిలవకు," అని పెద్దతల్లి చేట అందుకుంది.

మర్నాడు భార్గవి ఎనిమిదింటికే వచ్చింది. నారాయణరావు నెత్తురు తీసింది, హేమలతది తీసింది. హేమలత కాలేజీకి టైమైందని పరుగెత్తింది. పెద్దతల్లి చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుంది. నాలుగోవాడు కూర్మారావు. చొక్కా చెయ్యి మడిచి, మళ్ళీ దించేశాడు.

"అమ్మా, నాది తియ్యకముందు ఒక మాటుంది. ఆ కాయితంలో నా సదరం తప్పు. నాను ఈ ఇంట్లో పుట్టనేదు. మా అయ్య నన్ను బారువ రేవు కాణ్ణించి తెచ్చుకున్నాడు."

నారాయణరావు నవ్వాడు. మొదట సన్నగా, తర్వాత దగ్గు వచ్చేదాకా.

"సూసినావేటమ్మా మా అన్నని! నిన్న కొబ్బరిసెట్టు బారువ ఎల్లింది, ఇయ్యాల ఈడే బారువ నించొచ్చినాడు!"

బొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వచ్చీటప్పుడు రేవులో ఓడేటేనా కొన్నావా బావా?"

భార్గవి కూడా నవ్వుతూనే సూది విప్పబోయింది. అబద్ధానికైతే కూర్మారావు దగ్గర సరంజామా బోలెడు ఉంటుంది. ఏ మాట తర్వాత ఏ మాట వెయ్యాలో, ఎక్కడ గొంతు దించాలో, ఎక్కడ ఆపి చుట్ట వెలిగించాలో తెలుసు. నిజానికి ఏమీ లేదు. ఉన్న నాలుగు ముక్కలూ అయిపోయాయి. వాటినే మళ్ళీ అన్నాడు.

"కత కాదు తమ్ముడా. నిజివే. కలరాకి నన్ను కన్నోళ్ళు పోతే తెచ్చుకున్నాడు."

"బాగుంది, మరేటయింది?" అన్నాడు నారాయణరావు, రైల్లో అడిగినట్టే.

"ఏటీ అవనేదు. అంతే."

కూర్మారావు కథ 'అంతే' అని ఆగడం తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ, కళ్ళలోంచి పోయింది. మెల్లగా అక్క వైపు తిరిగాడు. పెద్దతల్లి మోచేతి మీద దూది అదిమిపట్టుకుని కూర్చుంది. సాక్ష్యానికి పిలవొద్దన్న మనిషిని ఎవరూ పిలవలేదు. తనే అంది.

"బండిలోంచి ఈడ్ని నానే దించినాను. గడ్డి గుచ్చుకుని ఈపంతా ఎర్రగుండేది."

బొడ్డమ్మ కొంగు దించేసింది. భార్గవి సూదిని మళ్ళీ కవర్లో పెట్టింది.

నారాయణరావు గోడకేసి చూస్తూ అడిగాడు.

"మరైతే అయ్యకి తలకొరివి నువ్వెందుకెట్టినావు?"

ఆ ప్రశ్న ఎక్కడ దాక్కుందో కూర్మారావుకి తెలియదు. ఇరవై రెండేళ్ళ తమ్ముడు శ్మశానంలో కుండ పట్టుకున్న అన్న వెనక నడవడం గుర్తొచ్చింది.

"అయ్య నన్నే ఎట్టమన్నాడురా."

"కన్నకొడుకుని నానుండగా?"

"నానూ అదే అన్నాను. ఆడుండగా నాకెందుకయ్యా అన్నాను. అప్పుడు..."

పెద్దతల్లి పూర్తిచేసింది. "పెద్దోడుండగా సిన్నోడెడతాడేటి, ఊళ్ళో నవ్విపోరా అని కసిరినాడు. నాను నీళ్ళు పోత్తన్నాను నోట్లో. ఈ సెవుల్తో ఇన్నాను. అయ్యకి ఇద్దరే కొడుకులు నారాయణా. పెద్దోడు, సిన్నోడు. ఇంకో లెక్క ఆయనకి రాదు."

నారాయణరావు చేతి మీద, డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన చోట ఉబ్బిన నరాన్ని తడుముకుంటూ కూర్చున్నాడు. ఆ నరం ఎప్పుడూ లోపల మిషనులా జుయ్యిమంటూ ఉంటుంది. కాసేపటికి భార్గవిని అడిగాడు.

"అమ్మా, మరి ఈడి నెత్తురు నీకు పనికిరాదా?"

"పనికిరాకపోవడమేంటి మావయ్యా! ఇవాళ చెప్పకపోయుంటే నా లెక్క మొత్తం తారుమారయ్యేది. ఇప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. మీ ఇంటి రాత లేకుండా మీ ఇంటి నీళ్ళే అరవై ఏళ్ళు తాగిన మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు? మా ఎలుకల్లో అయితే అలాంటిదాన్ని పనిగట్టుకుని తయారుచేసుకోవాలి. ఈయన్ని మీ నాన్నగారు బండిలో తెచ్చిపెట్టారు." ఆగి, మళ్ళీ అంది: "జవాబు దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను. ఎలుకలు పుట్టాక ఏ జబ్బూ లేకుండా గెంతులేసినా వెయ్యొచ్చు."

"గెంతనీ," అన్నాడు నారాయణరావు. "ఎవలో ఒకలు గెంతాలి గదా ఈ ఇంటి రాతతో."

తర్వాత అన్న వైపు చూడకుండానే, చాప మీద పక్కచోటు చేత్తో తట్టాడు. "కూకో. రగతం ఇయ్యి. ఎండెక్కిపోతంది, ఆ గుంట పెట్టెలో ఐసు కరిగిపోతాది."

కూర్మారావు కూర్చున్నాడు. భార్గవి రబ్బరు పట్టీ కట్టి నరం వెతికింది. కొబ్బరిచెట్లెక్కిన చెయ్యి, తోలు మొరటుగా ఉంది. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. నొప్పెట్టిందా అని అడిగితే, ఆ పెద్దమనిషి ఏ కథా చెప్పకుండా ఊఁ అన్నాడు.

గొట్టాల మీద పేర్లు రాసి, పెట్టెలో సర్ది, భార్గవి వంశం కాగితం మళ్ళీ ఒళ్ళో పరిచింది. తండ్రి నుంచి కూర్మారావు చదరానికి దిగిన గీతను రబ్బరుతో చెరిపింది. చదరానికి అటూ ఇటూ కొక్కేల్లాంటి గుర్తులు పెట్టి, చెరిపిన చోట చుక్కలుచుక్కలుగా కొత్త గీత గీసింది.

నారాయణరావు మెడ సాచి చూశాడు. "ఆ సుక్కలేటి?"

"పెంపకానికి వచ్చినవాళ్ళకి అలాగే గీస్తాం మావయ్యా. ప్రపంచమంతా అదే పద్ధతి. నిండు గీత పెడితే తప్పవుతుంది."

ఆయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని కొంతసేపు చూశాడు. తప్పు ఎందుకు గియ్యమనాలి, ఈ పిల్ల పనంతా పోతుంది, అనుకున్నాడు. కాగితం మళ్ళీ ఆమె ఒళ్ళోకి జరిపాడు.

"పోనీ," అన్నాడు, "సుక్కలు కాస్త దగ్గిర దగ్గిరగా ఎట్టమ్మా."